గదులు లారీ మీద వస్తాయి, కాలువ రాదు

కిందటి వానాకాలం ఉత్తరాంధ్రలో ఒక ఊళ్లో, వీధికుక్కల్ని పట్టి తెచ్చి ఉంచే షెడ్డు చూడ్డానికి వెళ్లాను. ఊరి పేరు అవసరం లేదు. పొద్దున్న ఏడయింది. రేకుల షెడ్డు, వరసగా పది గదులు, మధ్యలో నడుమెత్తు గోడలు, ముందు జాలీ తలుపులు. కడిగే మనిషి మొదటి గదిలో పైపు పెట్టాడు. నేలకి వాలు ఉంది. అయితే ఆ వాలు గదిలోంచి వెనక కాలువకి కాదు, మొదటి గది నుంచి పదో గది వైపు. నీళ్లు పోవడానికని అడ్డుగోడల అడుగున జానెడేసి కన్నాలు వదిలారు. మొదటి గదిలోని పెంట, ఉచ్చ, రాలిన బొచ్చు కలిసిన నీళ్లు రెండో గదిలోకి, అక్కణ్ణుంచి మూడో గదిలోకి పారుతున్నాయి. పదో గదికి చేరేసరికి చిక్కటి మడ్డినీళ్లు. అక్కడ ఒక తల్లికుక్క, దాని మూడు పిల్లలు గోడ వారన ఒకదాని మీద ఒకటి ఎక్కి నిలబడి ఉన్నాయి.

"ఈ సివరి గదిలో ఎట్టిన కుక్క బతకట్లేదు బాబూ. నాను సెప్తనే ఉన్నాను" అన్నాడాయన, పైపు ఆపకుండానే.

కుక్కపిల్లల్ని చంపే పార్వో అనే వైరస్ పేరు ఆయన ఎన్నడూ విని ఉండడు. కానీ ఆ షెడ్డు జబ్బేమిటో ఆయనకి తెలిసినంతగా దాని నక్షా గీసినవారికి తెలియదు. ఇప్పుడు విజయనగరంలో అయినా శ్రీకాకుళంలో అయినా జంతువుల షెల్టర్ మాట వస్తే చాలు, "మాడ్యులర్‌లో కట్టేద్దాం, రెండు నెలల పని" అనే మాట వెంటనే వినిపిస్తోంది. మాడ్యులర్ అంటే ఫ్యాక్టరీలో ముందే తయారైన గదుల్నో, వాటి భాగాల్నో తెచ్చి సైటులో బిగించే పద్ధతి. దాని మీద నాకు వ్యతిరేకత లేదు. మన పట్టణాలకి అది బాగా పనికొచ్చే పద్ధతే అని నమ్ముతాను. కానీ అది దేనికి పనికొస్తుందో, దేనికి పనికిరాదో విడదీసి చూడకుండా టెండరు పిలిస్తే, ఆ పదో గదినే ఈసారి మెరిసే ప్యానెళ్లతో మళ్లీ కడతాం. ఆ భయంతోనే ఇది రాస్తున్నాను.

ఎన్ని కుక్కలు కాదు, ఎన్ని రోజులు

పశువుల్ని తెచ్చి కట్టి ఉంచడం మన ఊళ్లకి కొత్త కాదు. 1871 నాటి చట్టం కింద బందెలదొడ్లు నడిచేవి. పరాయి చేలో పడ్డ గేదెను దొడ్డికి తోలితే, సొంతదారు వచ్చి జరిమానా కట్టి విడిపించుకుపోయేవాడు. నాలుగు గోడలు, ఒక గేటు, ఒక కుడితి తొట్టి ఉంటే సరిపోయేది. ఎందుకంటే లోపలికొచ్చిన గేదెకు బయట ఒక ఇల్లుంది, రేపో ఎల్లుండో వెళ్లిపోతుంది. వీధికుక్కని విడిపించుకుపోవడానికి ఎవరూ రారు. బందెలదొడ్డి లెక్కలో షెల్టర్ కట్టడం ఇక్కడే తప్పుతుంది.

నిబంధనలు కూడా 2023 నుంచి మారుతూ వచ్చాయి. 2023 మార్చిలో వచ్చిన జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం, మనం ఏబీసీ అని పిలిచే ఈ పని బాధ్యత స్థానిక సంస్థది. కుక్కని పట్టాలి, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయాలి, రేబిస్ టీకా వేయాలి, ఆపరేషన్ తర్వాత కనీసం నాలుగు రోజులు చూసుకోవాలి, పట్టిన వీధిలోనే వదలాలి. 2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఢిల్లీ పరిసరాల్లో కుక్కల్ని పట్టి షెల్టర్లలోనే ఉంచమంది. ఆగస్టు 22న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని సవరించి, రేబిస్ ఉన్నవి, కరిచే స్వభావం ఉన్నవి తప్ప మిగతావాటిని టీకా వేసి పట్టిన చోటే వదలమంది. మళ్లీ నవంబరు 7న బడులు, ఆసుపత్రులు, క్రీడా ప్రాంగణాలు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్ల ఆవరణల్లోంచి తీసిన కుక్కల్ని అక్కడే వదలకూడదని, షెల్టర్‌కి చేర్చాలని ఉత్తర్వు ఇచ్చింది.

ఇవి చదివితే మున్సిపాలిటీ నెత్తిన పడ్డ పని ఒకటి కాదు, రెండు అని అర్థమవుతుంది. మొదటిది వచ్చి పోయే కుక్కలది. రెండోది వచ్చి ఉండిపోయే కుక్కలది. ఈ రెంటినీ ఒకే భవనంలో కుక్కడం దగ్గరే సగం గందరగోళం మొదలవుతోంది.

వచ్చి పోయేవాటి లెక్క చూడండి. రోజుకి 12 కుక్కల్ని తెస్తారనుకుందాం. పట్టిన రోజు ఒకటి, ఆపరేషన్ తర్వాత నాలుగు, మొత్తం ఐదు రోజులు. పన్నెండైదులు అరవై. అరవై గదులు కావాలి. వాన వల్లనో, బండి చెడిపోవడం వల్లనో, డ్రైవరు సెలవు వల్లనో వదిలిపెట్టడం మూడు రోజులు జాప్యమైందనుకోండి. పన్నెండెనిమిదులు తొంభై ఆరు. కుక్కలు పెరగలేదు, పట్టేవాళ్లు పెరగలేదు, అయినా 36 గదులు అదనంగా కావాల్సి వచ్చాయి. ఆ గదులు లేవు కాబట్టి ఒక్కో గదిలో రెండేసి వేస్తారు. కుట్లు ఆరని కుక్కలు కొట్లాడుకుంటాయి, కుట్లు ఊడతాయి, మళ్లీ నాలుగు రోజులు ఉండాలి, గదులు ఇంకా చాలవు. "మా దగ్గర జాగా చాలట్లేదు" అని ఏ కేంద్రం వారన్నా అంటే నేను మొదట అడిగేది గదుల సంఖ్య కాదు, కుక్కల బండి ఏ స్థితిలో ఉందో. ముప్పై ఆరు గదులు కట్టడం కంటే బండి బాగుచేయించడం చాలా చవక.

ఉండిపోయేవాటి లెక్క వేరు. వారానికి మూడు చొప్పున చేరినా ఏడాదికి 156. మంచి తిండి, టీకాలు ఉంటే ఒక్కో కుక్క ఎనిమిది, పదేళ్లు బతుకుతుంది. బయటికి పోయే దారి దత్తత ఒక్కటే. అలాంటి కుక్కని నాలుగడుగుల గదిలో జీవితాంతం ఉంచడం నా దృష్టిలో షెల్టర్ కాదు, జైలు. వాటికి కావాల్సింది చెట్ల నీడ, మట్టి నేల, గట్టి కంచె, పది పన్నెండు కుక్కలు కలిసి తిరిగే ఆవరణలు. అక్కడ మాడ్యులర్ గదుల పాత్ర చాలా తక్కువ. ఖర్చు పెట్టాల్సింది భూమి మీద, కంచె మీద.

కాబట్టి ఇక ముందు నేను మాట్లాడేది మొదటి రకం గురించి, అంటే ఏబీసీ కేంద్రం గురించి. మాడ్యులర్ పద్ధతి నిజంగా అక్కరకొచ్చేది అక్కడే.

లారీ చెప్పే కొలత

మాడ్యులర్ అని మనం ఒకే మాటతో పిలుస్తున్నవి మూడు రకాలు. పూర్తిగా తయారైన గది పెట్టెలా లారీ మీద వచ్చి క్రేనుతో దిగేది ఒకటి. సముద్రపు కంటైనర్లను కోసి గదులుగా మార్చడం కూడా ఇందులోకే వస్తుంది. ఇనుప చట్రం, పఫ్ ప్యానెళ్లు (రేకుల మధ్య నురుగు నింపిన పలకలు) విడివిడిగా వచ్చి సైటులో బిగించేది రెండోది. కాంక్రీటు గోడలు, పలకలు యార్డులో పోతపోసి తెచ్చి నిలబెట్టేది మూడోది. ఈ మూడింటికీ ఖరీదు వేరు, బరువు వేరు, ఆయుష్షు వేరు. "మాడ్యులర్ షెల్టర్" అని ఒక్క ముక్క రాసి టెండరు పిలిస్తే ఎవరికి అనువైనది వాళ్లు కోట్ చేస్తారు, పోల్చి చూడ్డానికి వీలుండదు.

గది వెడల్పు ఎంత ఉండాలో ఆర్కిటెక్టు కంటే ముందు లారీ నిర్ణయిస్తుంది. మన మోటారు వాహన నిబంధనల ప్రకారం బండి మొత్తం వెడల్పు 2.6 మీటర్లు దాటకూడదు, దాటితే ప్రత్యేక అనుమతి కావాలి. అందుకే ఈ గదులు ఎనిమిది అడుగుల వెడల్పు దగ్గర ఆగిపోతాయి. కుక్కల వరస గదులకి ఆ కొలత చక్కగా సరిపోతుంది. ఇరవై అడుగుల పొడవున్న ఒక మాడ్యూల్‌లో నాలుగేసి అడుగుల గదులు ఐదు వస్తాయి. ఆపరేషన్ థియేటర్‌కి మాత్రం ఎనిమిదడుగులు ఇరుకు. రెండు మాడ్యూళ్లు పక్కపక్కన కలిపితే గానీ బల్ల చుట్టూ డాక్టరు, సహాయకుడు తిరగలేరు. కలిపిన చోట అతుకు వస్తుంది, అతుకున్న చోట వాన కారుతుంది. కాబట్టి అతుకు బల్ల పైన కాకుండా చూసుకోవాలి. చిన్న సంగతిలా అనిపిస్తుంది గానీ, వాన చుక్క కుట్టు మీద పడితే అప్పుడు తెలుస్తుంది.

మాడ్యులర్‌లో సమయం ఎక్కడ కలిసొస్తుంది? ఇక్కడ పునాదులు, కాలువలు వేస్తుండగానే అక్కడ, విశాఖ వైపు షెడ్లలో గదులు తయారవుతాయి. రెండు పనులు ఒకేసారి నడుస్తాయి, అంతే. అందులో మాయ ఏమీ లేదు. దీనికి ఒక షరతు ఉంది, నక్షా మొదటి రోజే ఖాయమైపోవాలి. ఇటుక గోడైతే మేస్త్రీకి చెప్పి తలుపు అటు నుంచి ఇటు జరిపించుకోవచ్చు. మన ఊళ్లలో సగం కట్టడాలు అలా చెప్పుకుంటూ కట్టినవే. పెట్టె దిగాక తలుపు జరగదు. కాబట్టి కడిగే మనిషినీ, కుక్కని పట్టే మనిషినీ, పశువైద్యుణ్ణీ ముందే కూర్చోబెట్టి అడగాలి. గరివిడిలో పశువైద్య కళాశాల ఉండటం మనకి పెద్ద వరం. విజయనగరం నుంచి గంట లోపు దూరం. నక్షా దశలోనే అక్కడి శస్త్రచికిత్స అధ్యాపకుల్ని పిలిచి నేల మీద సుద్దతో గదుల కొలతలు గీసి చూపిస్తే, కాగితం మీద కనబడని తప్పులు ఒక్క పూటలో బయటపడతాయి.

నేల సంగతి

ఇక అసలు విషయానికొస్తాను. కుక్కల షెల్టర్‌ని బతికించేదీ చంపేదీ నేల.

పార్వో కుక్కపిల్లల్ని రెండు మూడు రోజుల్లో రక్తవిరేచనాలతో చంపే వైరస్. జబ్బు కుక్క పెంటలో కోట్లకొద్దీ బయటికొస్తుంది, నీడపట్టున నెలల తరబడి చావకుండా ఉంటుంది. మనం ఇళ్లల్లో వాడే ఫినాయిలు దాన్ని ఏమీ చేయలేదు. వాసన మారుతుంది, వైరస్ మారదు. దాన్ని చంపేది బ్లీచింగు. ఐదు శాతం బ్లీచింగు ద్రావణం ఒక పాలు, నీళ్లు ముప్పై పాళ్లు కలిపి నేల మీద పది నిమిషాలు తడిగా ఉంచాలి. అంతకుముందే పెంట ఎత్తి, నేల రుద్ది కడిగి ఉండాలి. మురికి మీద పోసిన బ్లీచింగు మురికితోనే ఖర్చయిపోతుంది. ఉచ్చ మీద పోస్తే కళ్లు మండే వాయువు లేస్తుంది, అది కడిగే మనిషి ఊపిరితిత్తులకి చేటు.

దీన్నిబట్టి నేల ఎలా ఉండాలో తేలిపోతుంది. ప్రతి గదికీ దాని వాలు దానికి ఉండాలి, మీటరుకి రెండు సెంటీమీటర్ల చొప్పున, వెనక్కి. వెనక కాలువ గది బయట ఉండాలి, పైన తీసిపెట్టే జాలీ ఉండాలి. ఒక గది నీళ్లు ఇంకో గదిని తాకకూడదు. గోడ నేలను కలిసే మూల గుండ్రంగా ఉండాలి, చీపురు అందని మూల ఉండకూడదు. గదిని రెండు భాగాలు చేసి మధ్యలో పైకి జారే తలుపు పెడితే, కుక్కని అవతలికి పంపి ఇవతల కడగవచ్చు. కడిగే మనిషికి కరిపించుకునే భయం ఉండదు. కాలువలో బొచ్చు పట్టే జల్లెడ తప్పనిసరి. అరవై కుక్కల బొచ్చు సెప్టిక్ ట్యాంకు దాకా పోనిస్తే నెల తిరక్కుండా పైపు పూడుకుపోతుంది. పెంటని ముందే పారతో ఎత్తి వేరే గుంతలో వేయాలి. ట్యాంకులో కుళ్లబెట్టే సూక్ష్మజీవులు బ్లీచింగుకి చచ్చిపోతాయి కాబట్టి, బ్లీచింగు కడుగునీళ్లకి వేరే దారి చూపాలి.

ఇందులో ఏ ఒక్కటీ లారీ మీద రాదు. ఇదంతా మన మేస్త్రీలు, మన కూలీలు మోకాళ్ల మీద కూర్చుని తాపీతో, రసమట్టంతో చేయాల్సిన పని. మాడ్యులర్ కంపెనీల బొమ్మల పుస్తకాల్లో అందమైన గదులుంటాయి, కాలువ బొమ్మ ఉండదు. వాళ్లని తప్పుపట్టడం లేదు, అది వాళ్ల సరుకు కాదు. అది మన పని అని మనకి గుర్తుండాలి.

ఇప్పుడు పెట్టె వైపు నుంచి చూడండి. పఫ్ ప్యానెల్ అంటే రెండు పల్చటి ఇనుప రేకుల మధ్య నురుగు. గోడ అడుగున ఒక ఇనుప కమ్మీలో దాన్ని నిలబెడతారు. ఆ కమ్మీని నేరుగా గచ్చు మీద బిగిస్తే రోజూ రెండు పూటలా ఉచ్చ, బ్లీచింగు నీళ్లు అందులో నిలుస్తాయి. జింకు పూత ముందు పోతుంది, తర్వాత ఇనుము. ఉప్పుగాలి తగిలే శ్రీకాకుళం తీరం వైపు అది ఇంకా తొందరగా జరుగుతుంది. తుప్పు పట్టిన అంచులోంచి ఎలుక దూరుతుంది, నురుగు కొరికి గూడు కడుతుంది. ఎలుక ఉచ్చతో లెప్టోస్పైరోసిస్ వస్తుంది, అది కుక్కకీ మనిషికీ అంటుకునే జబ్బు. పైగా కుక్క ఊరుకోదు, గోళ్లతో గీరుతుంది, అంచు దొరికితే పళ్లతో పీకుతుంది. రేకు చిరిగితే దాని నోరే కోసుకుపోతుంది. ఇంకోటి, మామూలు పఫ్ నురుగుకి నిప్పంటుకుంటే విషపు పొగ వస్తుంది. తలుపు గడియ వేసి ఉన్న కుక్క ఎటూ పారిపోలేదు. నురుగు బదులు రాక్‌వూల్ (రాతి నుంచి చేసే, మండని పీచు) నింపిన ప్యానెళ్లు దొరుకుతాయి. వాటికి ఖర్చు ఎక్కువైనా అవే అడగాలని నా గట్టి అభిప్రాయం.

వీటన్నిటికీ కలిపి నేను చెప్పే మార్గం ఒక్కటే. నడుము దాకా కాంక్రీటు, నడుము పైన ప్రీఫ్యాబ్, అంటే ఫ్యాక్టరీలో చేసి తెచ్చినది. నేల, కాలువ, నాలుగడుగుల ఎత్తు అడ్డుగోడలు సైటులో పోత పోయాలి, లేదా కాంక్రీటు పలకలు తెచ్చి నిలబెట్టాలి. ఆ పైన చట్రం, ప్యానెల్, కప్పు ఫ్యాక్టరీ నుంచి రావచ్చు. గోడ లేని చోట, తలుపుల దగ్గర, ఇనుము ఎక్కడ నేలకి దిగినా జానెడు ఎత్తు కాంక్రీటు గట్టు మీదే దిగాలి. ఆపరేషన్ థియేటర్, మందుల గది, ఆఫీసు మాత్రం పూర్తి పెట్టెలుగా తెచ్చుకోవచ్చు. వాటికి ఫ్యాక్టరీ శుభ్రత, కరెంటు ఫిటింగులు మన సైటులో చేసేవాటికంటే బాగుంటాయి.

మాడ్యులర్ గొప్పతనం కనిపించేది విడదీయడంలో. ఒకే కప్పు కింద అరవై గదులు కట్టే బదులు పదిహేనేసి గదుల నాలుగు విడి షెడ్లు దింపండి. మధ్యలో పది మీటర్ల ఎడం ఉంచండి. ఒక షెడ్డులో జబ్బు తగిలితే ఆ షెడ్డు మూసి, ఖాళీ చేసి, కడిగి, ఎండబెట్టవచ్చు, మిగతా మూడూ నడుస్తుంటాయి. కొత్తగా వచ్చినవి, ఆపరేషన్ అయినవి, జబ్బువి వేర్వేరు షెడ్లలో ఉండాలి. కడిగే వరస కూడా అదే, జబ్బు షెడ్డు చివర, దానికి వేరే చీపురు, వేరే బూట్లు. కరిచిన కుక్కని పది రోజులు గమనించడానికి పెట్టే రెండు గదులు అన్నిటికీ దూరంగా. ఇటుకతో విడివిడిగా నాలుగు కట్టాలంటే మేస్త్రీ పని పెరుగుతుంది. మాడ్యులర్‌కి ఒకటైనా నాలుగైనా అచ్చు ఒకటే.

గాలి

మన జిల్లాల్లో తేలికపాటి కట్టడం అనగానే నాకు రెండు తేదీలు గుర్తొస్తాయి. 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర తీరం దాటిన హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస వైపు వచ్చిన తిత్లీ. హుద్‌హుద్ గాలి గంటకు 180 కిలోమీటర్ల దాకా వీచింది. తిత్లీ ఉద్దానం కొబ్బరి తోటల్ని పడుకోబెట్టేసింది. కట్టడాల మీద గాలి ఒత్తిడికి దేశంలో వాడే ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం. అందులో మన తీరానికి మూల వేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లే.

ఆ అంకె అర్థమేమిటో ఒక కంటైనరు మీద చూద్దాం. గాలి ఒత్తిడి లెక్కకట్టాలంటే వేగాన్ని వేగంతో గుణించి 0.6తో హెచ్చిస్తారు. 50 మీటర్ల వేగానికి అది చదరపు మీటరుకి 1,500 న్యూటన్లు, సుమారు 150 కిలోల తోపు. ఇరవై అడుగుల కంటైనరు పక్కగోడ 15.7 చదరపు మీటర్లు. మొత్తం తోపు దాదాపు 2,400 కిలోలు. ఖాళీ కంటైనరు బరువు సుమారు 2,200 కిలోలు. తోపు సగం ఎత్తులో, 1.3 మీటర్ల దగ్గర పడుతుంది, బరువు సగం వెడల్పులో, 1.2 మీటర్ల దగ్గర ఆపుతుంది. తోపే గెలుస్తుంది. ఊరికే నేల మీద పెట్టిన కంటైనరు అంత గాలికి బోర్లాపడుతుంది. లోపల ఐదు కుక్కలుంటే ఐదు కుక్కలతోనూ. ప్యానెల్ గది దీనికంటే తేలిక.

భయపడక్కర్లేదు, విరుగుడు సులువు. ఒక ఘనపు మీటరు కాంక్రీటు బరువు 2,400 కిలోలు. నాలుగు మూలలా అర ఘనపు మీటరు చొప్పున దిమ్మెలు పోసి, గది అడుగు చట్రాన్ని బోల్టులతో వాటికి బిగిస్తే గదికి కింద 4,800 కిలోల లంగరు పడినట్టే. ఎంత దిమ్మె, ఎంత లోతు అనేది మట్టిని బట్టి ఇంజనీరు లెక్కగట్టాలి. బోల్టులు ఎక్కడ రావాలో ఫ్యాక్టరీ వాళ్లు ఇనుప అచ్చు ముందే పంపాలి, ఆ అచ్చు పెట్టాకే కాంక్రీటు పోయాలి. బోల్టు రెండు సెంటీమీటర్లు పక్కకి పోయిందంటే క్రేను గాల్లో గదిని పట్టుకుని నిలబడుతుంది, కింద గ్యాసు కట్టరుతో చట్రానికి కొత్త కన్నం కోస్తారు. ఆ కన్నం దగ్గర్నుంచే తుప్పు మొదలు.

కప్పు గురించి ఇంకొక మాట. కుక్కల షెడ్డుకి ముందు వైపు జాలీ ఉంటుంది. గాలి లోపలికి జొరబడి కింద నుంచి ఎత్తుతుంది, పై నుంచి వెళ్లే గాలి మీదికి లాగుతుంది. గొడుగు తిరగబడటం చూసిన వాళ్లకి ఇది విడమర్చక్కర్లేదు. రేకు అంచుల్లో, మూలల్లో స్క్రూలు దగ్గర దగ్గరగా పడాలి. పని చివర్లో, చీకటిపడే వేళ, అందరూ తొందరపడేది కూడా అక్కడే. నేనైతే నిచ్చెనెక్కి మూల స్క్రూలు లెక్కపెట్టి గానీ సంతకం పెట్టను. హుద్‌హుద్ తర్వాత మన ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు. బోరు మోటారుకి జనరేటరు, ఎత్తులో ట్యాంకు ఉంటేనే ఆ రోజుల్లో కుక్కలకి తాగునీరు అందుతుంది.

ఎండ, మోత

ఎండకి రెండే మాటలు. పొడుగు గోడలు ఉత్తర, దక్షిణాలకి తిరిగి ఉండాలి, కప్పు నడుమన వేడిగాలి పోయే సందు ఉండాలి. కుక్కకి మనలా చెమట పట్టదు, వగర్చి చల్లబడాలి. మే నెలలో మన తీరపు ఉక్కలో వగర్పు అంతగా పనిచేయదు. గాలి ఆడని పెట్టెలో, ప్యానెల్ ఎంత మంచిదైనా, మధ్యాహ్నానికి ప్రాణం మీదికొస్తుంది.

మోత సంగతి జనం పట్టించుకోరు గానీ, చుట్టుపక్కల వాళ్ల ఫిర్యాదులతో షెల్టర్ మూతపడే ప్రమాదం ఉంది. ముప్పై కుక్కలు ఒక షెడ్డులో మొరిగితే వంద డెసిబెల్స్ దాటుతుంది. నివాస ప్రాంతాలకి నిబంధన పగలు 55, రాత్రి 45. రేకు గోడలు శబ్దాన్ని పీల్చవు, తిప్పికొడతాయి. ఎదురెదురు గదుల్లో కుక్కలు ఒకదాన్నొకటి చూస్తూ మొరుగుతాయి కాబట్టి గదులన్నీ ఒకే వైపు తిరిగి ఉండాలి. ఇక జాగా సంగతి. చెత్త డంపింగు యార్డు పక్కన జాగా ఖాళీగా ఉందని అక్కడ కట్టేస్తుంటారు. ఈగలు, ఎలుకలు, పొగ, అన్నీ షెల్టర్‌లోకే వస్తాయి. చెరువు గర్భంలో అయితే వానాకాలం నీళ్లు కాలువలోంచి వెనక్కి ఎక్కుతాయి. ఊరికి నాలుగైదు కిలోమీటర్ల లోపు, మెరక మీద, ట్రైలరు తిరిగే బాట ఉన్న జాగా వెతకాలి. మన ఎర్రమట్టి నేలల్లో నాలుగు చినుకులు పడితే క్రేను దిగబడుతుంది, కాబట్టి బాట ముందు వేయాలి.

ఎం-బుక్ దగ్గర ఆగే బిల్లు

మాడ్యులర్ పని మన మున్సిపాలిటీల్లో చాలాసార్లు ఆగేది ఇంజనీరింగ్ దగ్గర కాదు, బిల్లు దగ్గర. అంచనాలు ఎస్ఎస్ఆర్ అనే ప్రభుత్వ రేట్ల పట్టికతో వేస్తారు. తవ్వకం, కాంక్రీటు, ఇటుక కట్టుబడి, ప్లాస్టరింగు, వీటన్నిటికీ అందులో రేట్లున్నాయి. "తయారై వచ్చిన కుక్కల గది, ఒకటి" అనే అంశం ఉండదు. ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారు మార్కెట్ కొటేషన్లు తెప్పించి రేటు విశ్లేషణ చేసి పైవారి ఆమోదం తేవాలి. ఆడిట్‌లో ప్రశ్న వస్తే జవాబు చెప్పుకోవాల్సింది ఆయనే, అందుకే వెనకాడతారు. ఆ వెనకాడటాన్ని నేను తప్పుపట్టను.

బిల్లు చెల్లించాలంటే జరిగిన పనిని సైటులో కొలిచి ఎం-బుక్‌లో, అంటే కొలతల పుస్తకంలో, ఎక్కించాలి. మాడ్యులర్‌లో మూడొంతుల పని సైటులో కనబడదు, ఎక్కడో ఫ్యాక్టరీలో ఉంటుంది. డబ్బు రాకపోతే ఫ్యాక్టరీ పని సాగదు, గది దిగకపోతే కొలత లేదు. ఈ ముడి టెండరులోనే విప్పాలి. నేల, కాలువలు అయ్యాక ఒక వాయిదా. ఇంజనీరు ఫ్యాక్టరీకి వెళ్లి గదులు చూసి ముద్ర వేశాక, బ్యాంకు గ్యారంటీ తీసుకుని ఒక వాయిదా. సైటులో దించి బిగించాక ఇంకొకటి. ఆఖరి వాయిదా మాత్రం గదులన్నిట్లో నీళ్లు పోసి చూసి, ఏ గది నీళ్లు ఆ గది వెనకే పోతున్నాయని తేలాకే. కాలువ పని ఒకరికి, గదుల పని ఇంకొకరికి ఇస్తే బోల్టు కుదరనప్పుడు తప్పు నీదంటే నీదంటారు. పని రెండు చేతులు చేసినా పూచీ ఒక్కరిదే అని ఒప్పందంలో ఉండాలి.

కట్టడానికి డబ్బు ఒకసారి వస్తే చాలు, నడపడానికి ప్రతి నెలా కావాలి. గది ఒక్కింటికి పూటకి పాతిక లీటర్ల నీళ్లు అనుకున్నా, అరవై గదులకి రెండు పూటలకీ మూడు వేల లీటర్లు. కడగడానికి, వండడానికి, మందులు వేయడానికి మనుషులు. వాళ్లకి కరవక ముందే వేయాల్సిన రేబిస్ టీకాలు. ఆపరేషన్ వ్యర్థాలకి 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిబంధనలు పశువైద్యశాలలకీ వర్తిస్తాయి, కాబట్టి పసుపు సంచులు, వాటిని తీసుకెళ్లే ఏర్పాటు. ఇది ఏటా బడ్జెట్‌లో పద్దుగా కనబడకపోతే గదుల తాళాలు తీసేవాళ్లుండరు. 2024లో దేశంలో 37 లక్షలకు పైగా కుక్కకాట్లు నమోదయ్యాయి. ఆ కాట్ల వెంట వచ్చే రేబిస్ ఆగాలంటే ఒక ప్రాంతంలో కనీసం 70 శాతం కుక్కలకి టీకా అందాలి. అది ఒక వేసవిలో అయ్యే పని కాదు, ఏళ్ల తరబడి ఆగకుండా సాగాలి.

ఆ రోజు షెడ్డు నుంచి బయటికొస్తూ, కొత్తది కడితే నీకేం కావాలని ఆ కడిగే ఆయన్ని అడిగాను. ఆయన ఆలోచించనైనా లేదు. "ఎనకాల కాలవ బాబూ. గదికో కుళాయి. పిల్లల్నెట్టడానికి ఒక గది యేరేగా" అన్నాడు. చెప్పి, చీపురు తీసుకుని పదో గదిలోకి వెళ్లి, నిలిచిన నీళ్లను దానితోనే బయటికి తోయడం మొదలుపెట్టాడు.